కోలాటం నడకకు లూపులను జతపరచడం: ఒక సరౌండ్ రికార్డింగ్ కేస్ స్టడీ

గోదావరి డెల్టాలోని ఒక ఊరి మహిళా కోలాట బృందంతో చేసిన ఒక పాట రికార్డింగ్, మిక్సింగ్ పనిని ఈ వ్యాసంలో పూర్తిగా వివరిస్తున్నాను. ఆ పాట ఒక నృత్యరూపకం కోసం తయారైంది. సంగీత దర్శకుడు కోరినవి రెండు. కోలాటం వలయం మధ్యలో నిలబడినవారికి ఎలా వినిపిస్తుందో ప్రేక్షకుడికి 5.1 సరౌండ్‌లో (చుట్టూ ఐదు స్పీకర్లు, అడుగు శబ్దాలకు ఒకటి) అలాగే వినిపించాలి. దాని కింద కంజీర, షేకర్, సింథ్ బేస్ లూపులు (మళ్లీ మళ్లీ తిరిగే చిన్న శబ్దపు ముక్కలు) పాట మొదటి నుంచి చివరి వరకు దెబ్బ తప్పకుండా నడవాలి. విడివిడిగా చూస్తే రెండూ రోజువారీ పనులే. కలిపి చేయవలసి వచ్చినప్పుడు మాత్రం ఒకదాని కోసం మరొకదాన్ని వదులుకోవలసిన పరిస్థితి ఎదురవుతుంది. లూపులకు స్థిరమైన టెంపో (పాట వేగం) అనుకూలం. కోలాటం స్థిరమైన టెంపోలో సాగదు, నిదానంగా మొదలై, కోపు (ఆటలో ఒక అడుగుల వరుస) మారినకొద్దీ వేగం పుంజుకుంటుంది. ఆ వేగాన్ని సరిచేసే ప్రయత్నంలో రికార్డింగ్‌ను సాగదీస్తే సరౌండ్‌లో మొదట చెడేది కోల దెబ్బ వినిపించే దిక్కు. అందువల్ల రికార్డింగ్‌ను కదపకుండా, సాఫ్ట్‌వేర్‌లోని టెంపో గీతలను, వాటితోపాటు లూపులను దాని వెంట నడిపించాలని పని మొదలుకాక ముందే నిర్ణయించుకున్నాను.

రికార్డింగ్

బృందంలో పదహారు మంది ఆడతారు. ఎనిమిది మంది లోపలి వరుసలో, ఎనిమిది మంది బయటి వరుసలో ఒకరికొకరు ఎదురు దిశల్లో తిరుగుతూ, దాటిపోయే ప్రతి జతా కోలలు తాటించుకుంటుంది. పాడేవారు, తాళాలు, డప్పు వలయానికి బయట ఒకే వైపు నిలబడతారు. ఈ అమరికను చూడగానే మధ్యలో ఒకే చోట నుంచి అన్ని దిక్కులనూ పట్టుకునే మైకు కావాలని తేలిపోయింది. ముందువైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టే నాలుగు కార్డియాయిడ్ క్యాప్సూళ్లను (మైకులో శబ్దాన్ని పట్టే భాగాలు) చతుర్ముఖి ఆకారంలో అమర్చిన ఫస్ట్ ఆర్డర్ యాంబిసోనిక్ మైకును ఎంచుకున్నాను. 1970లలో ఇంగ్లండ్‌లో మైకేల్ గెర్జన్, ఆయన సహచరులు రూపొందించిన పద్ధతి ఇది. నాలుగు క్యాప్సూళ్ల సంకేతాలను గణితంతో కలిపి, అన్ని దిక్కులకూ సమానమైన ఒక చానెల్‌గాను, ముందు-వెనుక, ఎడమ-కుడి, పైన-కింద అనే మూడు అక్షాల చానెళ్లుగాను మారుస్తారు. ఆ నాలుగింటి నుంచి తర్వాత ఏ స్పీకర్ల అమరికకైనా మిక్స్ తీయవచ్చు.

మైకు ఎత్తు విషయంలో కొంత ఆలోచించవలసి వచ్చింది. కోలలు ఛాతీ ఎత్తులోనూ, కొన్ని కోపుల్లో తల మీదుగానూ తగులుతాయి. గజ్జెలు నేల మీద ఉంటాయి. మైకును బాగా పైకి ఎత్తితే కోలలు స్పష్టంగా వచ్చి గజ్జెలు పలచబడతాయి, కిందికి దించితే గజ్జెల చప్పుడు కోలలను కప్పేస్తుంది. నేల రాతిబండలది కావడం వల్ల గజ్జెలు సహజంగానే బిగ్గరగా ఉన్నాయి. అందుచేత దాదాపు 1.8 మీటర్ల ఎత్తు సరిపోయింది. వలయం వ్యాసార్థం నాలుగు మీటర్లు. ఇంతకంటే చిన్న వలయంలో ఆడితే దగ్గరగా వచ్చిన జత దెబ్బకూ, దూరంగా ఉన్న జత దెబ్బకూ మధ్య స్థాయిలో తేడా మరీ ఎక్కువవుతుంది.

నాలుగు క్యాప్సూళ్లకు రికార్డర్‌లో గెయిన్ (శబ్దాన్ని పెంచే మోతాదు) ఒకే విలువలో, ఒకదానితో ఒకటి ముడిపడి ఉండాలి. ఏ ఒక్కటి ఒక డెసిబెల్ పక్కకు జరిగినా దిక్కుల లెక్క తప్పుతుంది. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లలో రికార్డు చేశాను. కోల దెబ్బ శిఖరం చాలా పదునైనది కాబట్టి అత్యంత బిగ్గరైన దెబ్బకు కూడా 12 డెసిబెళ్ల ఖాళీ ఉంచాను. పాడేవారికి ఒకటి, డప్పుకు ఒకటి దగ్గర మైకులు పెట్టాను.

ఆట మొదలుకాక ముందు ఒకరిని వలయం మీద ముందు, ఎడమ, వెనుక, కుడి వైపుల నిలబెట్టి, ఒక్కో చోట నోటితో దిక్కు పేరు చెప్పించి చప్పట్లు కొట్టించాను. ఎంత తొందర పని అయినా ఈ అడుగును వదలకూడదు. యాంబిసోనిక్ చానెళ్లను వరుసలో పెట్టే సంప్రదాయాలు రెండు చలామణిలో ఉన్నాయి. పాతదైన ఫ్యూమా వరుసలో మొదటి చానెల్ తర్వాత ముందు-వెనుక, ఎడమ-కుడి, పైన-కింద చానెళ్లు వస్తాయి. ఇప్పుడు ఎక్కువగా వాడే యాంబిఎక్స్ వరుసలో ఎడమ-కుడి, పైన-కింద, ముందు-వెనుక వస్తాయి. ఫ్యూమా వరుసలో ఉన్న ఫైలును యాంబిఎక్స్ వరుసగా భావించి డీకోడ్ చేస్తే (స్పీకర్ల చానెళ్లుగా మారిస్తే) ముందు కొట్టిన చప్పట్లు ఎడమ వైపు, ఎడమ వైపు కొట్టినవి నెత్తి మీద వినిపిస్తాయి. కోలాటంలో అన్ని దిక్కుల నుంచీ ఒకే రకమైన శబ్దం వస్తుంది కనుక, చప్పట్ల గుర్తు లేకపోతే ఈ పొరపాటును చెవితో పట్టుకోవడం దాదాపు అసాధ్యం.

ఆటగాళ్లకు క్లిక్ (టెంపోను చూపే టిక్ టిక్ శబ్దం) ఇవ్వాలా అనే ప్రశ్న సంగీత దర్శకుడి నుంచి వచ్చింది. తాళాలు వేసే ఆమె చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టి క్లిక్ వినిపిస్తే లూపుల పని సులువవుతుందన్నది నిజమే. అయితే ఆ బృందం వేగాన్ని పాట నుంచీ, ఎదుటివారి కోల నుంచీ తీసుకుంటుంది. గురువు ఒక్క కేకతో కోపు మార్చినప్పుడు పదహారు మందీ ఒక్కసారిగా ముందుకు తోసుకువచ్చే ఊపు ఆ ఆటకు ప్రాణం. క్లిక్ వల్ల అది పోతుంది. సంగీత దర్శకుడు అంగీకరించారు, క్లిక్ లేకుండానే ఆడించాము.

టెంపో ఎంత అనే ప్రశ్న

రికార్డింగ్‌ను రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చాను. ఒకే ట్రాక్‌లో ఎన్నో చానెళ్లను ఇముడ్చుకోగలగడం, నాలుగు చానెళ్ల ఫైలును విడగొట్టకుండా ఒకే ముక్కగా చూడడం వల్ల యాంబిసోనిక్ పనికి ఇది అనుకూలంగా ఉంటుంది. తొలి పని టెంపోను తెలుసుకోవడం. సాఫ్ట్‌వేర్ స్వయంగా గుర్తించిన టెంపో పాట మొదట్లో 88 బీపీఎం (నిమిషానికి బీట్లు), చివర్లో 87 బీపీఎం అని వచ్చింది. ఆ అంకెలను నమ్మితే బృందం నాలుగు నిమిషాలకు పైగా ఒకే వేగంలో ఆడినట్టు. చివరికి వచ్చేసరికి వేగం ఎంతగా పెరిగిందో మాత్రం ఎవరి చెవికైనా తెలుస్తూనే ఉంది.

పాట తిశ్ర గతిలో ఉంది. ఒక్కో బీటులో మూడు భాగాలు. కోల దెబ్బలు మొదటి భాగం మీద, మూడో భాగం మీద పడతాయి. మొదట్లో సాఫ్ట్‌వేర్ బీటును సరిగానే పట్టుకుంది, నిమిషానికి 88 బీట్లు. చివర్లో అసలు వేగం నిమిషానికి 116 బీట్లు, అంటే 348 చిన్న భాగాలు. సాఫ్ట్‌వేర్ వాటిని మూడేసి కాకుండా నాలుగేసి చొప్పున కట్ట కట్టింది, 348ని నాలుగుతో భాగిస్తే 87 వస్తుంది. పాశ్చాత్య పాప్ సంగీతాన్ని దృష్టిలో పెట్టుకుని తయారైన టెంపో గుర్తింపు పనిముట్లు రెండు, నాలుగు లెక్కల వైపు మొగ్గుతాయి. తిశ్రంలో నడిచే మన జానపద సంగీతానికి వాటి అంకెను తాళం వేసి సరిచూసుకోకుండా వాడకూడదని నా స్థిరమైన అభిప్రాయం.

ఇందులోనే మరో చిక్కు ఉంది. చాలా మ్యూజిక్ సాఫ్ట్‌వేర్లు టెంపోను క్వార్టర్ నోటు లెక్కలో చూపిస్తాయి. తిశ్ర గతిని ఆరు-బై-ఎనిమిది కొలతలో రాసుకుంటే ఒక్కో బీటుకు క్వార్టర్ నోట్లు ఒకటిన్నర అవుతాయి. కాబట్టి మనం చేత్తో 88 అని వేసే తాళం ప్రాజెక్టులో 132గాను, 116 అనేది 174గాను కనిపించాలి. లూపుల పేర్లలో రాసి ఉండే అంకె ఈ రెండింటిలో ఏ లెక్కదో విని తేల్చుకోవలసిందే. అయోమయం లేకుండా ఈ వ్యాసంలో ఇకపై చేతి తాళం లెక్కనే వాడతాను.

టెంపో గీతలు గీయడం

టెంపో గుర్తులు పెట్టే ముందు చేయవలసిన ఒక అమరిక ఉంది. రీపర్‌లో ప్రతి ట్రాక్‌కూ టైమ్‌బేస్ అని ఉంటుంది. అది బీట్ల మీద ఉంటే టెంపో మార్చిన ప్రతిసారీ ఆ ట్రాక్‌లోని ముక్కలు జరుగుతాయి, సాగుతాయి. సమయం మీద ఉంటే కదలకుండా ఉంటాయి. కోలాటం ట్రాకులన్నింటినీ, వాటితోపాటు శ్రుతి డ్రోన్‌ను, సమయం మీద ఉంచాను. లూపులను మాత్రం స్థానం, పొడవు, వేగం మూడూ బీట్లను అనుసరించేలా పెట్టాను. ఈ ఒక్క అమరికతో ఎవరు ఎవరి వెంట నడవాలో స్థిరపడిపోయింది.

తర్వాత చెవితో, తరంగ రూపంతో సరిచూసుకుంటూ గుర్తులు పెట్టాను. ఒకే సగటు టెంపోతో సరిపెట్టుకుంటే ఏమవుతుందో చిన్న లెక్క చెబుతుంది. నిజమైన వేగం 92.4 అయి, ప్రాజెక్టులో 92 అని వేస్తే మూడు నిమిషాల తర్వాత లూపు 1.2 బీట్లు, అంటే దాదాపు 0.78 సెకను వెనకబడుతుంది. ఇంత చిన్న తేడాకే ఇలా ఉంటే, 88 నుంచి 116 వరకు ఎక్కే పాటకు సగటు అనే మాటే పనికిరాదు.

దీనికి పూర్తిగా ఎదురు దారి ప్రతి బీటుకూ ఒక గుర్తు పెట్టడం. కాగితం మీద అదే కచ్చితమైనది. వినడానికి అది బాగుండదు. మనుషులు ఆడేటప్పుడు ఒక బీటు కొద్దిగా ముందు, తర్వాతి బీటు కొద్దిగా వెనక పడుతుంది. గుర్తులన్నీ వాటిని అంటిపెట్టుకుంటే లూపు ప్రతి బీటుకూ ఒక్కో నిష్పత్తిలో సాగి వణుకుతున్నట్టు వినిపిస్తుంది. ఎనిమిది బీట్లకు ఒక గుర్తు పెట్టి, రెండు గుర్తుల మధ్య టెంపో క్రమంగా మారేలా చేసినప్పుడు లూపు నిలకడగా ఉండి, కోలలు దాని మీద స్వేచ్ఛగా ఊగాయి. మధ్యలో మిగిలే తేడా చాలా చోట్ల 15 మిల్లీసెకన్ల లోపే ఉంది. కోల దెబ్బ, కంజీర దెబ్బ 20 మిల్లీసెకన్లు దాటి విడిపోయిన చోట నా చెవికి అవి రెండు దెబ్బలుగా వినిపించాయి. అక్కడ మాత్రమే నాలుగు బీట్లకు గుర్తు పెట్టాను. కోపు మారే చోట్లు దాదాపు అన్నీ ఈ కోవలోకే వచ్చాయి, ఎందుకంటే గురువు కేక పడగానే వేగం క్రమంగా కాకుండా ఒక్క ఉదుటున మారుతుంది.

గుర్తులు ఏ ట్రాక్‌ను ఆధారం చేసుకోవాలన్నది కూడా ఆలోచించవలసిన విషయమే. డప్పుకు పెట్టిన దగ్గర మైకు మధ్య మైకు నుంచి 5.2 మీటర్ల దూరంలో ఉంది. ఆ రాత్రి ఉష్ణోగ్రత 28 డిగ్రీలు. ఆ వేడిలో శబ్దం సెకనుకు సుమారు 348 మీటర్లు పోతుంది కనుక డప్పు మధ్య మైకుకు చేరేసరికి 15 మిల్లీసెకన్లు ఆలస్యమవుతుంది. శ్రోత నిలబడేది మధ్యలో కాబట్టి గుర్తులను మధ్య మైకు ప్రకారమే పెట్టాను. డప్పు, పాట మైకులను వాటి వాటి దూరానికి తగినంత, ఆపైన మరో నాలుగు మిల్లీసెకన్లు ఆలస్యం చేశాను. ఆ నాలుగు మిల్లీసెకన్ల వల్ల ముందుగా చెవిని చేరేది మధ్య మైకు శబ్దం అవుతుంది. డప్పు ఏ దిక్కున ఉందో అది చెబుతుంది, దగ్గర మైకు స్పష్టతను మాత్రం చేరుస్తుంది.

లూపులు

కంజీర లూపును ఒకే వేగంలో రికార్డు చేసి 88 నుంచి 116 దాకా సాగదీయడం నాకు నచ్చలేదు. కళాకారుడితో 92 వద్ద ఒకటి, 110 వద్ద మరొకటి వాయింపజేసి, పాట 100 దాటే చోట ఒకదాని నుంచి మరొకదానికి మారాను. అలా చేస్తే ఏ చోటా మార్పు 10 శాతానికి మించదు. అంతకంటే ముఖ్యంగా, వేగంగా వాయించేటప్పుడు చేతి దెబ్బ తేలికవుతుంది, ఆ స్వభావం ఏ సాఫ్ట్‌వేర్ సాగదీతలోనూ రాదు. రెండు లూపులనూ దెబ్బ దెబ్బకూ ముక్కలు చేసి, ముక్కలను బీట్ల మీద కూర్చోబెట్టాను. 1990ల నుంచి వాడుకలో ఉన్న ఈ ముక్కల పద్ధతి తాళవాద్యాలకు ఇప్పటికీ సాగదీత కంటే మేలు, ఎందుకంటే దెబ్బ మొనను అది అసలు తాకదు.

సంగీత దర్శకుడు ఇష్టపడి తెచ్చిన షేకర్ లూపు ఒక లైబ్రరీ నుంచి వచ్చింది. అది 44.1 కిలోహెర్ట్జ్‌లో ఉంది. మార్చకుండా 48లో ఆడిస్తే దాదాపు 9 శాతం వేగంగా, ఒకటిన్నర స్వరస్థానం పైన మోగుతుంది కనుక ముందు దాన్ని మార్చుకున్నాను. అసలు ఇబ్బంది గతిది. లూపు చతురశ్రంలో (బీటుకు నాలుగు భాగాలు) ఉంది, పాట తిశ్రంలో ఉంది. టెంపో అంకెలు కచ్చితంగా కలిసినా రెండూ కలవవు. 92 వేగంలో ఒక బీటు 652 మిల్లీసెకన్లు. పాటలో రెండో కోల దెబ్బ 435 వద్ద పడుతుంది, షేకర్ నాలుగో దెబ్బ 489 వద్ద పడుతుంది. ఈ 54 మిల్లీసెకన్ల తేడా పాటంతా కుంటుతున్నట్టు చేస్తుంది. షేకర్‌ను కూడా ముక్కలు చేసి, రెండో దెబ్బను తీసేసి, మూడో దెబ్బను 217 దగ్గరికి, నాలుగో దెబ్బను 435 దగ్గరికి జరిపి తిశ్రంలోకి మార్చాను. టెంపోను కలపడం అంటే వేగం కలపడం అనే చాలామంది అనుకుంటారు. మన సంగీతంలో వేగం కంటే ముందు గతి కలవాలి.

సాగదీయక తప్పని ఒక్క చోటు

మూడో కోపులో ఒక చోట ఊరి బోరు మోటారు మొదలై, కొన్ని బీట్ల మేర దాని రొద రికార్డింగ్‌లోకి వచ్చింది. అదే కోపు మరో టేకులో శుభ్రంగా ఉంది. ఆ టేకు 101 వేగంలో ఉంటే ఇక్కడ 104 కావాలి. 3 శాతం పెంచాలి.

ఈ అవకాశాన్ని పోల్చి చూడడానికి వాడుకున్నాను. మొదట నాలుగు చానెళ్లను నాలుగు మోనో ఫైళ్లుగా విడగొట్టి, ఒక్కోదాన్ని విడిగా టైమ్ స్ట్రెచ్ చేసి (శ్రుతి మారకుండా వేగం మార్చి) మళ్లీ కలిపాను. విడివిడిగా ఏ చానెల్ విన్నా లోపం తెలియలేదు. డీకోడ్ చేసి వింటే వెనుక ఎడమ మూలన కచ్చితంగా పడుతున్న దెబ్బ ఎడమ గోడంతా పరుచుకుపోయింది, ఎదురు దిశల్లో తిరుగుతున్న రెండు వరుసలూ ఒకే ముద్దగా మారాయి. యాంబిసోనిక్‌లో దిక్కు అనేది నాలుగు చానెళ్ల మధ్య ఉన్న స్థాయి, ఫేజ్ (తరంగాల మధ్య సమయపు పొంతన) సంబంధంలోనే ఉంటుంది. ఒక్కో చానెల్‌కు అల్గారిథమ్ విడిగా నిర్ణయాలు తీసుకున్నప్పుడు ఆ సంబంధం తెగిపోతుంది.

తర్వాత నాలుగు చానెళ్లను ఒకే ఫైలుగా ఉంచి, రీపర్‌లో ఉన్న ఇలాస్టిక్ ప్రో పద్ధతితో అదే 3 శాతం మార్చాను. దిక్కులు నిలిచాయి. అయితే గజ్జెలు దెబ్బతిన్నాయి. వందల చిన్న మువ్వల గలగల ఒక క్రమం లేని శబ్దరాశి, దానికి సాగదీత తగలగానే నీళ్లలోంచి వస్తున్నట్టు ఒక లోహపు సుడి వినిపిస్తుంది. గజ్జెలు ఉన్న రికార్డింగ్‌లో టైమ్ స్ట్రెచ్ నాణ్యతను కోలల మీద కాకుండా గజ్జెల మీద పరీక్షించాలి.

చివరికి నిలిచింది ముక్కల పద్ధతే. ప్రతి కోల దెబ్బకు మూడు మిల్లీసెకన్ల ముందు నాలుగు చానెళ్లనూ ఒకే చోట కోసి, ముక్కలను 104 టెంపో గీతల మీదికి దగ్గరగా జరిపాను. బీటుకు 17 మిల్లీసెకన్లు తగ్గాలి. వేగం పెంచుతున్నాము కనుక ముక్కల మధ్య ఖాళీ రాదు, ఒకదాని తోక మరొకదాని తలతో కొద్దిగా కలుస్తుంది. ఆ కలిసే చోట చిన్న క్రాస్‌ఫేడ్ (ఒకటి తగ్గుతూ మరొకటి పెరగడం) సరిపోయింది. వేగం తగ్గించవలసి వచ్చి ఉంటే ఈ దారి ఇంత సులువుగా ఉండేది కాదు. ప్రతి ముక్క తర్వాతా ఆ ఆవరణ శబ్దంతో ఖాళీ పూడ్చవలసి వచ్చేది.

మిక్స్

గ్రాజ్‌లోని ఎలక్ట్రానిక్ సంగీత సంస్థ ఉచితంగా ఇచ్చే ఐఈఎం ప్లగిన్లతో డీకోడ్ చేశాను. చప్పట్ల గుర్తు ఆధారంగా దృశ్యాన్ని తిప్పి, పాడేవారు సరిగ్గా ముందు ఉండేలా చూశాను. స్పీకర్లు అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంస్థ (ఐటీయూ) ప్రమాణం బీఎస్.775 అమరికలో ఉన్నాయి: ముందు జత 30 డిగ్రీల వద్ద, వెనుక జత 110 డిగ్రీల వద్ద. వెనుక రెండు స్పీకర్ల మధ్య ఉన్న పెద్ద ఖాళీలో దెబ్బలు కొంత మసకబారతాయి. ఫస్ట్ ఆర్డర్ మైకుకు ఉన్న పరిమితి అది, దాన్ని ఈక్వలైజర్‌తో దాచే ప్రయత్నం చేయలేదు.

లూపులన్నింటినీ ముందు స్పీకర్లలోనే ఉంచాను. ఊరి రాతి ఆవరణలో తిరుగుతున్న నిజమైన కోలల మధ్య స్టూడియో లూపును వెనక్కి పంపితే రెండు వేర్వేరు గదులు ఒకేసారి వినిపిస్తాయి. బేస్ లూపును ఎల్ఎఫ్ఈ (అడుగు శబ్దాలకు ప్రత్యేకించిన) చానెల్ మీద ఆధారపడనివ్వలేదు. స్టీరియోకు దించేటప్పుడు ఆ చానెల్‌ను సాధారణంగా వదిలేస్తారు, అప్పుడు పాట అడుగు ఊడిపోతుంది. లౌడ్‌నెస్ మీటరు మాత్రం మొదట అనుకున్నదానికంటే ఎక్కువ చూపించింది. బిగ్గరదనాన్ని కొలిచే ఐటీయూ ప్రమాణం బీఎస్.1770లో వెనుక చానెళ్లకు 1.5 డెసిబెళ్ల అదనపు బరువు ఉంటుంది, కోలాటంలో సగం శక్తి వెనుకే ఉంది. మీటరు కోసం వెనుక చానెళ్లను తగ్గించకుండా, మొత్తం మిక్స్ స్థాయినే దించాను.

మిక్స్‌తోపాటు లూపుల స్టెములు (విడివిడి భాగాల ఆడియో ఫైళ్లు), కోలాటం స్టెములు, టెంపో గీతల మిడి ఫైలు (శబ్దం కాకుండా సంగీత సూచనలు ఉండే ఫైలు) అందజేశాను. మిడిలో టెంపో ఒక్కో క్వార్టర్ నోటుకు ఇన్ని మైక్రోసెకన్లు అనే రూపంలో నమోదవుతుంది. క్రమంగా మారే టెంపోకు ప్రామాణిక మిడి ఫైలులో చోటు లేదు, కనుక ప్రతి వాలునూ ముందే చిన్న చిన్న మెట్లుగా మార్చి పంపాను. స్టెములన్నింటినీ పాట మొదలయ్యే ముందున్న నిశ్శబ్దంతో సహా, టెంపో ఫైలు సున్నాతో కలిసేలా ఒకే బిందువు నుంచి తీశాను. నృత్యరూపకం వేదిక ప్రదర్శనకు కీబోర్డు వాద్యకారుడు వేరే సాఫ్ట్‌వేర్‌లో ఆ ఫైలును తెరిచి, 88 నుంచి 116 దాకా ఎక్కే గీతల మీదనే తన కొత్త వరుసలను కూర్చుకున్నాడు.